జైలు బయట

దాశరథి కృష్ణమాచార్యుని గురించి తరగతిలో చెప్పడం తెలంగాణలోని తెలుగు అధ్యాపకుడికి సులువైన పని. నిజామాబాదు ఖిల్లా జైలు, పళ్ళు తోముకొనే బొగ్గు, ఆ బొగ్గుతో గోడమీద రాసిన పద్యాలు, అదే జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి. యింత చెబితే చాలు, నిద్రపోతున్న వెనక బెంచీలు కూడా లేచి కూర్చుంటాయి. ఏటా నేనూ అట్లాగే చెబుతున్నాను. ఒకసారి జుక్కల్ వైపునుంచి వచ్చే విద్యార్థి లేచి, "సార్, జైల్లకెల్లి బయటికొచ్చినంక ఆయన ఏం జేసిండు?" అని అడిగాడు.

నేను చెప్పిన జవాబులో తప్పు లేదు. కవితాసంపుటాలు ప్రచురించాడు, ఆకాశవాణిలో పనిచేశాడు, సినిమాలకు పాటలు రాశాడు, 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయ్యాడు. అబ్బాయి అంతా విని, "మా దిక్కు జైలుకు వోయొచ్చినోళ్ళు అట్ల ఎవ్వరు గాలేదు సార్" అని కూర్చున్నాడు.

అతను అడిగింది ఒక కవి జీవితచరిత్ర కాదు. జైలునుంచి తిరిగి వచ్చిన మనిషి మరునాడు పొద్దున ఏం చేస్తాడు, ఎవరు పని యిస్తారు, ఎవరు పలకరిస్తారు, ఎవరు వెంట తిరుగుతారు అన్నది అతని ప్రశ్న. దానికి మన చరిత్ర గ్రంథాల్లోనూ, మన సాహిత్యంలోనూ జవాబు బహు కొద్దిగా దొరుకుతుంది. దొరకకపోవడానికి కారణాలున్నాయి. ఆ కారణాల్లో కొన్ని ప్రభుత్వానివి, కొన్ని మనవి.

ముందు ఆ అబ్బాయి వూరి దిక్కుకే పోదాం. జుక్కల్ యిప్పుడు కామారెడ్డి జిల్లాలో వుంది. తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక కలిసే మూల అది. అక్కడి జనం తెలుగు, మరాఠీ, కన్నడం కలగలిపి మాట్లాడతారు. ఆ మండలంలోనే కౌలాస్ వుంది, కౌలాస్ కోట వుంది. 1857 తిరుగుబాటు ఉత్తరాదిన అణగిపోతున్న రోజుల్లో రంగారావు అనే పట్వారీ నానాసాహెబు పేర వచ్చిన లేఖతో యీ ప్రాంతంలో తిరిగి, ఇంగ్లీషువారిమీద తిరుగుబాటుకు జనాన్ని కూడగట్టడానికి ప్రయత్నించాడు. కౌలాస్ రాజా దీప్‌సింగ్, సఫ్దరుద్దౌలా అనే ఉన్నతోద్యోగి అతనికి అండగా నిలిచారు. 1859లో అందరూ పట్టుబడ్డారు. రంగారావుకు మొదట ఉరిశిక్ష వేసి, తరువాత ద్వీపాంతరవాసంగా మార్చారు. అతడు 1860లో అండమానులో చనిపోయాడు. దీప్‌సింగ్‌కు మూడేళ్ళ ఖైదు విధించారు, జాగీరు లాక్కున్నారు.

హైదరాబాదు స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లో యీ ఘట్టానికి ఒక పేరా దక్కుతుంది. పేరా శిక్షలతో ముగుస్తుంది. రంగారావు కథ అక్కడ ముగియడం న్యాయమే, అతని జీవితమూ అక్కడే ముగిసింది గనక. కాని మూడేళ్ళు మూడేళ్ళే గదా. దీప్‌సింగ్ శిక్షకు ఆ తరువాత ఒక నాలుగో సంవత్సరం వుండాలి. నిన్నటిదాకా తన పేర పన్ను వసూలైన పల్లెల మధ్య, తన జాగీరు లాక్కున్న సర్కారు కళ్ళముందు, శిక్ష తీరిన రాజా బతకవలసిన సంవత్సరం అది. పుస్తకంలో ఆ సంవత్సరం లేదు. జైలులో చనిపోయినవాడు చరిత్రలోకి ప్రవేశిస్తాడు. జైలునుంచి తిరిగివచ్చినవాడు చరిత్రలోనుంచి బయటికి పోతాడు. రాజుకే అయితే యిట్లా వుంది, రైతుకూలీ సంగతి చెప్పనక్కరలేదు.

నిజాం రాజ్యంలో జైలుకూ బయటికీ మధ్య గోడ మనం అనుకున్నంత ఎత్తుగా వుండేది కాదు. సభ పెట్టాలంటే సర్కారు ముందస్తు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అమలులో వున్న దేశమది. గ్రంథాలయ వార్షికోత్సవం కూడా అధికారికి అర్జీ పెట్టుకొని జరుపుకోవలసి వచ్చింది. 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావు అధ్యక్షతన ఆరవ ఆంధ్రమహాసభ జరిగినా ఆ వాతావరణంలోనే జరిగింది. వూళ్ళో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ వుండేవారు. కొత్త మనిషి వస్తే, పాత మనిషి మాయమైతే, ఎవరి యింట్లో రాత్రి పొద్దుపోయేదాకా దీపం వెలిగితే, ఆ కబురు ఠాణాకు చేరవేయడం పోలీసు పటేలు పని. అతనికి జీతం బత్తెంకంటె వూరిమీద చేయి ముఖ్యం. జైలునుంచి వచ్చిన మనిషిచేత సత్ప్రవర్తనకు ముచ్చలికా రాయించుకొనేవారు, జామీను పట్టమనేవారు. జామీను పట్టేది ఎవరు? కాస్త భూమి, కాస్త పరపతి వున్నవాడు. అంటే సాధారణంగా ఏ దొరకు వ్యతిరేకంగా ఆ మనిషి జైలుకు పోయాడో ఆ దొరో, ఆ దొర చుట్టమో. విడుదల కాగితంమీద సంతకం సర్కారుది, ఆ సంతకానికి పూచీ దొరది. తిరిగివచ్చిన రైతు తన శత్రువు పూచీమీద స్వేచ్ఛ అనుభవించాలి. నిఘా అనగానే మనం టోపీ పెట్టుకొన్న సి.ఐ.డి.ని ఊహించుకొంటాం. పల్లెల్లో అది భూమి సంబంధాల్లో కలిసిపోయి వుంటుంది. దాన్ని వేరే చూడటం కష్టం, అందుకే మన కథకులకు చాలామందికి అది కనబడలేదు.

1948 సెప్టెంబరు 17 దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. నిజాం లొంగిపోయాడు. స్టేటు కాంగ్రెసు సత్యాగ్రహులకు జైలు తలుపులు తెరుచుకున్నాయి. వూళ్ళలో పూలదండలతో ఎదురుకోళ్ళు జరిగాయి. అదే జైళ్ళలో, ఒక్కోచోట అదే బారకాసులో వున్న కమ్యూనిస్టులకు మాత్రం రాజ్యం మారింది గాని తాళం మారలేదు. మేజర్ జనరల్ చౌధురి సైనిక ప్రభుత్వం, 1950నుంచి వెల్లోడి ప్రభుత్వం కొత్త ఖైదీలను చేర్చుకుంటూ పోయాయి. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన "వీర తెలంగాణ విప్లవ పోరాటం" యిచ్చిన లెక్కల ప్రకారం నాలుగువేల మంది చనిపోయారు. పదివేలమందికి పైగా మూడు నాలుగేళ్ళు జైళ్ళలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు. ఏభైవేల మందికి తక్కువ కాకుండా జనాన్ని ఎప్పటికప్పుడు పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయి వారాలతరబడి కొట్టారు. నాలుగువేల అమరులకు మన వూళ్ళలో స్తూపాలున్నాయి, పాటలున్నాయి. వుండవలసిందే. తక్కిన పదివేలమంది ఏమయ్యారు? 1951 అక్టోబరు 21న పోరాటం విరమించిన తరువాత వారు ఒక్కొక్కరే యిళ్ళకు చేరారు. కొందరు పార్టీమీద నిషేధం యింకా వుండగానే, 1952 ఎన్నికల్లో ప్రజాతంత్ర ఫ్రంటు పేర నిలబడి గెలిచారు. రావి నారాయణరెడ్డి నల్లగొండలో దేశంలోనే అత్యధికంగా ఓట్లు తెచ్చుకున్న సంగతి అందరూ చెబుతారు. జనం తమ ఖైదీలను మరచిపోలేదనడానికి అంతకంటె రుజువు అక్కరలేదు. కాని శాసనసభలో, లోకసభలో కుర్చీలు ఎన్నుంటాయి? పదివేలమందికి సరిపోయే ఎన్నికలు ఎక్కడా జరగవు.

దాశరథినీ ఆళ్వారుస్వామినీ పక్కపక్కన నిలిపి చూస్తే విషయం తేటపడుతుంది. యిద్దరూ ఒకే జైలులో, ఒకే సర్కారు ఖైదీలు. దాశరథిని బంధించిన ప్రభుత్వం కూలిపోయింది గనక ఆయన జైలు ఆయనకు గౌరవపత్రమైంది. కొత్త ప్రభుత్వానికి ఆ పద్యాలతో తగాదా లేదు, పైగా అవి తన పద్యాలని చెప్పుకోగలిగింది. ఆళ్వారుస్వామి కమ్యూనిస్టు. నిజాం జైలులో మొదలైన ఆయన నిర్బంధం నిజాం అధికారం పోయిన తరువాత కూడా సాగింది. బయటికి వచ్చాక రచనలూ పుస్తక ప్రచురణా చేసుకుంటూ 1961లో నలభై అయిదేళ్ళకే పోయాడు. "గంగు" నవల పూర్తి కాలేదు. కవిత్వపు విలువనుబట్టి గాని త్యాగాన్నిబట్టి గాని యిద్దరిలో ఒకరిని ఎక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఖైదీ భవిష్యత్తును నిర్ణయించేది అతను చేసిన పని కాదు, అతన్ని బంధించినవాడు యింకా గద్దెమీద వున్నాడా లేడా అన్నదే. జైలరు దిగిపోతే జైలు బిరుదు అవుతుంది. జైలరు దిగిపోకపోతే అదే జైలు జీవితాంతం చెరగని మచ్చ అవుతుంది.

ఆళ్వారుస్వామి కథల సంపుటి పేరు "జైలు లోపల". ఆ కథల్లో రాజకీయ ఖైదీలకంటె దొంగతనాలకూ హత్యలకూ వచ్చిన మామూలు ఖైదీలే ముందుకు వస్తారు. అది ఆయన గొప్పతనం. తనను తాను పక్కకు పెట్టి పక్కవాడిని చూశాడు. కాని ఆ పేరు మనకొక హద్దు కూడా గీసి పెట్టిందేమో అనిపిస్తుంది. అభ్యుదయ రచయితలమని చెప్పుకొనే మనం జైలు లోపలి సంగతులు ఎన్నో రాశాం. లాఠీలు, నిరాహారదీక్షలు, గోడల మీదుగా దాటిన పాటలు, ములాకాత్‌కు వచ్చిన తల్లులు. జైలు తలుపు తెరుచుకోగానే మన కథలు చాలావరకు ముగిసిపోతాయి. ద్వారం దగ్గర దండలు, నినాదాలు, ఎర్రటి పొద్దు. ఆ తరువాత కథానాయకుడు బస్సెక్కి యింటికి పోవాలి, యింట్లో బియ్యం వున్నాయో లేవో చూడాలి, మూడేళ్ళుగా తన భూమి దున్నుకుంటున్న దాయాదితో మాట్లాడాలి. తాను లేని కాలంలో భార్య ఎవరి దగ్గర అప్పు చేసిందో తెలుసుకోవాలి. యీ మనిషి మన కథకు పనికిరాలేదు. అలసిపోయినవాడు, అనుమానించేవాడు, సాయంత్రం ఆరు తరువాత యింట్లోనుంచి కదలనివాడు మనకు వీరుడుగా కనబడలేదు. పోలీసుకు భయపడి నిన్నటి స్నేహితుణ్ణి చూసి కూడా చూడనట్టు పోయే వూరివాళ్ళ గురించి రాయడం మనకు యింకా కష్టమైంది, ఎందుకంటే ఆ వూరివాళ్ళే మన ప్రజలు.

ఆ పని కాల్పనిక రచయితలు చేయలేదు గాని, స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చేసింది. తెలంగాణ పోరాటంలో పనిచేసిన స్త్రీలను కూర్చోబెట్టి మాట్లాడించిన పుస్తకం అది. దళాల్లో తిరిగినవారు, కొరియర్లుగా పనిచేసినవారు, జైలుకు పోయినవారు వారిలో వున్నారు. పోరాటం ముగిశాక ఏమైందని అడిగినప్పుడు వారి గొంతు మారిపోతుంది. తుపాకి పట్టిన చేతిని మళ్ళీ పొయ్యిదగ్గరికి పొమ్మన్నది సర్కారు కాదు, మన యిళ్ళు, మన సహచరులు. నిఘా పెట్టేది రాజ్యం ఒక్కటే కాదన్న సంగతి ఆ పుస్తకం చదివితే గాని నాకు అర్థం కాలేదు. జైలుకు పోయివచ్చిన మగవాణ్ణి పోలీసు పటేలు కనిపెట్టి వుంటే, ఆడదాన్ని వూరంతా కనిపెట్టి వుంటుంది. ఆ పుస్తకం చదవని అభ్యుదయ విద్యార్థి వుంటే ముందు దాన్ని చదివి, యీ వ్యాసం తరువాత చదవవచ్చు.

యిక కాగితం సంగతి. పోలీసు పటేలు పదవి 1984లో గ్రామాధికారులందరితోపాటు పోయింది. ఫైలు పోలేదు. జుక్కల్ చరిత్రే చూడండి. 1956 నవంబరు 1 దాకా జుక్కల్, బిచ్కుంద సర్కిళ్ళు నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో వుండేవి. రాష్ట్రాల పునర్విభజన చట్టం వాటిని విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో చేర్చింది, అవి నిజామాబాదు జిల్లాకు వచ్చాయి. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబరులో జిల్లా మారింది. ఆ సర్కిళ్ళలో 1950లో ఠాణా పుస్తకానికెక్కిన మనిషి ఎవరైనా వుంటే, ఆయన కదలకుండా తన చేనిగట్టుమీదే కూర్చున్నా, ఆయనమీద కన్నేయవలసిన రాజధాని, జిల్లా కేంద్రం మాత్రం మారుతూ వచ్చాయి. ఏలేవాళ్ళు మారారు, భాష మారింది. అనుమానితుల పుస్తకాన్ని చేతినుంచి చేతికి అందుకొనే ఏర్పాటు మారలేదు.

ఆ పుస్తకం రాజకీయ ఖైదీలకోసం పుట్టినది కాదు. దాని మూలం మరోచోట వుంది, మనవాళ్ళు సామాన్యంగా అటు చూడరు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. పుట్టుకతోనే మనుషులను నేరస్థులుగా లెక్కగట్టి, పేర్లు రాసుకొని, పూటపూటకూ హాజరీ పలికించింది, వూరు దాటాలంటే చీటీ కావాలంది. 1913లో స్టూవర్టుపురంలో ఎరుకలవారికోసం పెట్టిన సెటిల్‌మెంటు మన కళ్ళెదుటి ఉదాహరణ. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. రద్దయ్యేనాటికి అది నేర్పిన విద్య, అంటే హాజరీ, చీటీ, రాత్రి తనిఖీ, ఠాణానుంచి ఠాణాకు కబురు, పోలీసులకు అలవాటైపోయింది. చదువుకున్న రాజకీయ ఖైదీ తన హక్కుల గురించి ఎలుగెత్తి చెబుతాడు, చెప్పాలి. కాని అతనిమీద ప్రయోగించిన ప్రతి పద్ధతినీ ముందు ఎరుకలవాడల్లో సాధన చేశారు. ఆ వాడలు అప్పుడు ఎవరికీ పత్రికలో సంపాదకీయం కాలేదు.

యీ పద్ధతి రాజ్యాంగం వచ్చిన తరువాత ఎట్లా నడిచిందో ఖరక్‌సింగ్ కేసు చూపిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో యీ మనిషిని 1941లో బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. కేసు లేదు, శిక్ష లేదు, అయినా అతని పేర హిస్టరీషీటు తెరిచారు. కానిస్టేబులూ చౌకీదారూ అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. పొరుగూరు పోతే ఎక్కడికి పోతున్నాడో చెప్పి పోవాలి, ఆ కబురు అతనికంటె ముందు అక్కడి ఠాణాకు చేరుతుంది. 1962లో సుప్రీంకోర్టు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టివేసి తక్కిన నిఘాను వుండనిచ్చింది. దానితో విభేదించినవారిలో ముందు చెప్పుకోవలసినవాడు మన రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. వెంట ఎవరో వస్తున్నారని తెలిసిన మనిషి కాళ్ళకు సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా నడుస్తున్నట్టు కాదు, కాబట్టి ఆ నిబంధన మొత్తం చెల్లదు అన్నది ఆయన వాదన సారం. ఆ అల్పసంఖ్యాక తీర్పు సరి అయినదని అదే కోర్టు ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది. సుబ్బారావు అభ్యుదయవాది కాదు. ఆస్తిహక్కు విషయంలో ఆయన తీర్పులమీద మనకు చాలా తగాదాలున్నాయి. కాని తలుపుమీద తట్టుడు ఏమిటో ఆయనకు అర్థమైంది, మన సాహిత్య విమర్శకులలో అనేకులకు అర్థం కాలేదు.

ఉద్యోగాల సంగతి మన అధ్యాపకులకు దగ్గరిది. స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకే రైల్వేలో జాతీయ భద్రత పేర 1949 నిబంధనలు వచ్చాయి. కమ్యూనిస్టులన్న ఆరోపణతో కార్మికులను వాటికింద తొలగించారు. బాలకోటయ్య, మరికొందరు కోర్టుకు పోతే సుప్రీంకోర్టు 1957లో ఆ నిబంధనలు చెల్లుతాయనే తేల్చింది. పాతికేళ్ళ తరువాత, 1983లో, మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ణి పాత రాజకీయాల గురించి పోలీసులిచ్చిన రిపోర్టు ఆధారంగా ఉద్యోగంలోనుంచి తీసేసిన కేసులో మరో తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి ఆ పద్ధతి రాజ్యాంగానికి పొసగదని గట్టిగా చెప్పారు. ఆ ఉపాధ్యాయుడు మన పక్షంవాడు కాడు, ఆర్.ఎస్.ఎస్., జనసంఘంలలో పనిచేసినవాడు. యీ సంగతి చెబితే మన మిత్రులు కొందరు ముఖం చిట్లిస్తారు. చిట్లించవచ్చు గాని, ఫైలుకు రంగు లేదు. యివాళ వాడిమీద తెరిచిన ఫైలు రేపు మనమీద తెరుచుకుంటుంది. అదే చిన్నప్పరెడ్డి 1980లో నిఘా రిజిస్టరు రహస్యమైనదే, అందులో పేరెక్కించేముందు మనిషిని పిలిచి అడగనక్కరలేదు అని కూడా తీర్పు చెప్పారు. హద్దు మీరకూడదని మాత్రం హెచ్చరించారు. తన పేరు ఎక్కిందో లేదో తెలియనివాడు హద్దు దాటారని ఎట్లా నిరూపిస్తాడో ఆ తీర్పు చదివితే నాకు బోధపడలేదు.

యీ కాగితాల కథలో ఒక విచిత్రమైన మలుపు వుంది. 1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంలో, కేంద్ర ప్రభుత్వం స్వాతంత్ర్యయోధులకు పింఛను ప్రకటించింది. ఆరునెలల జైలు కనీసార్హత. రుజువు కావాలి. రుజువంటే జైలు ధ్రువపత్రం, లేకపోతే తోటి ఖైదీల సాక్ష్యం. పాతికేళ్ళుగా ఏ జైలు మాటను పెళ్ళిసంబంధాల దగ్గరా ఉద్యోగాల దగ్గరా దాచిపెట్టుకున్నారో, ఆ జైలుకే కచ్చేరీల చుట్టూ తిరిగి సర్టిఫికెట్టు సంపాదించవలసి వచ్చింది. తనను బంధించిన ఆఫీసు, తాను నిజంగా బందీగా వున్నట్టు ధ్రువీకరించాలి. అందులోనూ తేదీ చూసుకోవాలి. హైదరాబాదు సంస్థానంలో ఆ లెక్క విలీనంతో ముగుస్తుంది. 1947లో నిజాం పట్టుకున్న రైతు యోధుడు. అదే రైతును, అదే దొర ఫిర్యాదుమీద, అదే భూమికోసం 1949లో సైనిక ప్రభుత్వం పట్టుకుంటే అతను ఆ లెక్కలోకి రాడు. విక్టర్ హ్యూగో నవలలో జాన్ వల్‌జాన్ పసుపుపచ్చని పాస్‌పోర్టు పట్టుకొని వూరూరూ తిరిగితే సత్రంవాడు కూడు పెట్టడు. "బీదలపాట్లు"గా ఆ నవల చదివి కన్నీరు పెట్టుకున్న మన పెద్దలు, తమ వూళ్ళోనే ఒకే మనిషికి ఒకప్పుడు పచ్చకాగితంగానూ మరొకప్పుడు తామ్రపత్రంగానూ పనిచేసిన జైలు రికార్డుమీద ఒక్క నవల రాయలేదు.

తరువాతి తరం సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను, అది పాఠకులకు తెలిసినదే. 1974లో పెట్టిన సికింద్రాబాదు కుట్రకేసులో కవులు, కళాశాల అధ్యాపకులు ముద్దాయిలు. కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, వరవరరావు పాఠాలు చెప్పుకుంటూ వాయిదాలకు తిరిగారు. 1989లో కేసు వీగిపోయింది. అంటే పదిహేనేళ్ళు. చెరబండరాజు 1982లో చనిపోయాడు, నిర్దోషి అన్న మాట వినలేదు. ఆ పదిహేనేళ్ళను శిక్ష అనాలా, విచారణ అనాలా? చట్టం దానికి పేరు పెట్టలేదు. అమలాపురం ప్రాంతంనుంచి వెళ్ళి ఢిల్లీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన జి.ఎన్. సాయిబాబాను 2014లో అరెస్టు చేశారు. 2021లో ఆయన కళాశాల ఉద్యోగంనుంచి తొలగించింది. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు నిర్దోషి అంది. ఆయన అదే సంవత్సరం అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో చనిపోయాడు. బయట ఏడు నెలలు. తిరిగి తరగతిలో నిలబడాలన్న కోరిక తీరలేదు. 1980ల జైలునుంచి "సహచరులు" లేఖలు రాసిన వరవరరావు 2018లో మళ్ళీ అరెస్టయ్యాడు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు వైద్యకారణాలమీద ఆయనకు బెయిలు యిచ్చింది. షరతులలో ఒకటి, విచారణకోర్టు అనుమతి లేకుండా బృహన్ముంబయి దాటకూడదు. ఎనభై దాటిన తెలుగు కవి, తెలుగు వినబడని వీధుల్లో అద్దెయింట్లో వుండవలసి వచ్చింది. దీనికి జైలు అనే పేరు లేదు.

ఆ జుక్కల్ విద్యార్థి సంగతి చెప్పాలి. డిగ్రీ అయిపోయిన తరువాత ఒకనాడు సర్కారీ ఉద్యోగపు ధ్రువీకరణ ఫారం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. అందులో ఒక గడి వుంటుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, నిర్బంధంలో వున్నారా, బైండోవర్ అయ్యారా, అవును లేదా కాదు. ఇంటర్ చదివేటప్పుడు ఫీజు బకాయిలకోసం జరిగిన సమ్మెలో అతన్నీ మరికొందరినీ తీసుకుపోయి, తహశీల్దారు ముందు నిలబెట్టి, ఏడాదిపాటు శాంతిభంగం చేయమని సంతకం చేయించుకున్నారట. ముచ్చలికా పేరు మారి బైండోవర్ అయింది. అతను దాన్ని ఎప్పుడో మరచిపోయాడు. "రాయాల్నా సార్?" అని అడిగాడు.

దాచిపెడితే ఆ దాచినందుకే తీసేస్తారని, చెబితే యిచ్చేవాడి దయమీద వుంటుందని, సుప్రీంకోర్టు 2016లో యీ విషయంమీద చెప్పిన తీర్పు సారాంశం నాకు తెలిసినంత చెప్పాను. అంతకంటె మంచి సలహా నా దగ్గర లేదు. నేను కూడా ఉద్యోగంలో చేరేముందు ఆ గడిలో "కాదు" అని రాసినవాణ్ణే, అప్పుడు అది నిజం కావడం నా అదృష్టం. అతను కాసేపు కిటికీ వైపు చూసి, కలం తీసి "అవును" అని రాశాడు. కింద వివరాలకు ఒకటిన్నర గీత చోటు వుంది. ఆ చోటులో పట్టేట్టు ఎట్లా రాయాలో యిద్దరం కూర్చొని చిత్తుకాగితంమీద మూడుసార్లు రాసి కొట్టివేశాం.